మన ఊరికి గురుతేది?



ఈ వేసవిలో కంబదూరు దగ్గరి ఒక పల్లె సంఘము వారు, తమ పిల్లల సెలవుల బైబిలు బడికి రమ్మని మమ్మల్ని పిలిచారు. కళ్యాణదుర్గంలో బస్సు మారి, రోడ్డు మీద దిగి మైలున్నర నడిచేసరికి ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. దారికి రెండు ప్రక్కలా చెనిక్కాయ వేసే ఎర్ర నేలలు, దున్ని వాన కోసం వదిలిపెట్టినవి. మందిరము అంటే నాలుగు గోడలు, పైన రేకులు, ముందర ఒక వేపచెట్టు. ఆ చెట్టు నీడలో నలభైమంది దాకా పిల్లలు కూర్చుని ఉన్నారు. పాత క్యాలెండర్లలో నుండి కత్తిరించిన బొమ్మలు ఒక్కొక్కటిగా పైకెత్తి చూపుతూ, "ఇది ఏ ఊరు?" అని అడుగుతోంది పాఠము చెప్పే అమ్మాయి. సువార్త లోకమంతటికీ వెళ్ళవలెనన్నది ఆనాటి పాఠము. లోకములోని పట్టణాలు పిల్లలకు తెలియాలి కదా అని ఆమె ఈ ఆట పెట్టింది.

చార్మినార్ ఎత్తగానే నలభై గొంతులూ "హైదరాబాదు!" అన్నాయి. తాజమహలు చూపితే "ఆగ్రా" అన్నవారు సగం, "ఢిల్లీ" అన్నవారు సగం. ఈఫిల్ గోపురానికి ఒక్క పిల్ల మాత్రమే "పారిస్" అని చెప్పి చప్పట్లు కొట్టించుకుంది. చేతిలో దివిటీ ఎత్తి పట్టుకున్న స్త్రీ విగ్రహము చూపితే, "అమెరికా" అన్నారు కొందరు. "మరియమ్మ" అన్నాడు ఒక చిన్నవాడు. బొమ్మలన్నీ అయిపోయాక వెనుక వరుసలో నుండి పదేండ్ల పిల్లవాడు లేచి, "అక్కా, మనూరికి ఏం బొమ్మక్కా?" అని అడిగాడు.

"బోరుబండి!" అని అరిచాడు పక్కవాడు. చెట్టు కింద నవ్వులే నవ్వులు. ఆ అమ్మాయి నవ్వుతూ మా వైపు చూసింది. పెద్దవారు కదా, వీరేమైనా చెబుతారేమో అని. మేము అప్పటికి ఏదో చెప్పి తప్పించుకున్నాము. చెప్పింది పిల్లవానికి చాలలేదని వాని ముఖమే చెప్పింది. ఆ బాకీ తీర్చుకుందామనే ఈ నెల ఈ శీర్షికలో ఈ సంగతి ఎత్తుకున్నాము.

ఒక కట్టడము ఊరికి గురుతుగా ఎలా నిలుస్తుంది? కట్టినవారు అనుకున్నందువల్ల మాత్రము కాదు. ఈఫిల్ గోపురమునే తీసుకోండి. 1889లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం, ఇరవై ఏండ్ల తరువాత విప్పి వేయవచ్చునన్న ఒప్పందము మీద కట్టిన ఇనుప గోపురమది. పని సాగుతుండగానే 1887లో ఆ నగరపు రచయితలు, చిత్రకారులు కొందరు ఇది మా పట్టణానికే తలవంపులని పత్రికలో నిరసన ప్రకటించారు. గడువు తీరాక దానిని కాపాడింది దాని అందము కాదు. తీగ లేకుండా పంపే వార్తలకు అంత ఎత్తయిన స్థలము పనికి వచ్చింది, అందువల్ల ఉంచారు. ఒక పనికి వచ్చినందున నిలిచినది, నిలిచినందున తరువాత అందమైనదిగా కనబడింది. ఇప్పుడు అది లేని పారిస్‌ను ఎవరూ ఊహించలేరు.

ఆ దివిటీ స్త్రీ కథ ఇంకా బాగుంటుంది. స్వాతంత్ర్య విగ్రహము ఫ్రెంచి ప్రజలు అమెరికాకు ఇచ్చిన కానుక. కానుక వచ్చింది కాని దానిని నిలబెట్టే పీఠానికి డబ్బు చాలక పని ఆగింది. అప్పుడు 1885లో జోసెఫ్ పులిట్జరు అనే పత్రికాధిపతి తన పత్రిక ద్వారా చందాలు అడిగాడు. ఎంత కొంచెము ఇచ్చినా సరే, ఇచ్చినవారి పేరు అచ్చు వేస్తానన్నాడు. లక్షా ఇరవై వేలమందికి పైగా కలిసి లక్ష డాలర్లకు పైగా ఇచ్చారు. వారిలో ఎక్కువమంది ఇచ్చినది ఒక్క డాలరు కంటె తక్కువే. 1886 అక్టోబరులో విగ్రహము లేచి నిలబడింది. మన సంఘాలలో చందా పుస్తకము చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన పెద్దలకు ఈ సంగతి చదివితే కొంత ఓదార్పుగా ఉంటుందని వ్రాస్తున్నాము.

ఆ విగ్రహమునకు మన తెలుగు నేలతో ఒక చుట్టరికము ఉంది. 1980లలో ముఖ్యమంత్రిగా ఉన్న నందమూరి తారక రామారావు గారు అమెరికా వెళ్ళినప్పుడు దానిని చూసి, మన రాజధానికీ అటువంటిది ఒకటి ఉండాలని తలచి, హుస్సేన్ సాగరు నడుమ బుద్ధుని విగ్రహము నిలిపే పని ఆరంభించారు. రాయగిరి దగ్గర ఒకే రాతిలో దానిని చెక్కారు. 1990 మార్చిలో తెప్ప మీద తీసుకుపోతుండగా అది ఒరిగిపోయి విగ్రహము చెరువులో మునిగింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు. రెండేండ్లకు పైగా నీళ్ళ అడుగున పడి ఉండి, 1992 డిసెంబరు 1న పైకి లేచి తన పీఠము చేరింది. ఇప్పుడు హైదరాబాదు బొమ్మలలో చార్మినార్ తరువాత స్థానము దానిదే. మాకు తోచే మాట ఒకటి ఉంది. ఆ విగ్రహము నిలిచి ఉన్న చెరువు దాని కంటె నాలుగు వందల ఏండ్లు పెద్దది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలములో, 1560ల నాడు, జనము నీళ్ళ కోసము తవ్వించినది. పడవ ఎక్కి విగ్రహము చూడబోయేవారిలో ఆ చెరువు సంగతి అడిగేవారు ఎందరు?

చార్మినార్‌కు వస్తే, 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. తెగులు ఒకటి పట్టణమును విడిచిపోయినందుకు కృతజ్ఞతగా కట్టించాడని పరంపరగా చెప్పుకుంటారు. నాలుగు వందల ఏండ్ల తరువాత, 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడినప్పుడు, కాకతీయుల కళాతోరణముతో పాటు దానినీ రాష్ట్ర చిహ్నములో పెట్టారు. 2024లో ఆ చిహ్నమును మారుస్తారన్న మాట పుట్టగానే ఎంత గొడవ అయిందో పత్రికలు చదివినవారికి తెలుసు. రాళ్ళ బొమ్మ కోసము ఇంత గొడవ ఎందుకని కొందరన్నారు. ఆ బొమ్మలో మేము ఉన్నామా లేమా అన్నదే జనము అడిగే ప్రశ్న. మన పిల్లవాడు అడిగినది కూడా అదే.

ఆంధ్ర ప్రదేశ్ వారు 2018లో తీసుకున్న చిహ్నము అమరావతి శిల్పములోనిది. ధర్మచక్రము, దాని నడుమ పూర్ణఘటము. అనగా నిండు కుండ. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే అనంతపురము జిల్లావారము మనము. నిండు కుండను గురుతుగా చూసుకోవడములో మనకున్న ఆశ కోనసీమ వారికి ఉండదేమో.

ఇక మన జిల్లా. లేపాక్షి నందిని ఎరుగనివారు లేరు. సుమారు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు, ఒకే రాయి. ప్రభుత్వము వారి హస్తకళల దుకాణాలకు లేపాక్షి పేరే పెట్టారు. సినిమా వారికిచ్చిన నంది బహుమతులకు పేరు ఆ నందిదే. ఇప్పుడు 2022 నుండి లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయింది గాని మనసులో నుండి పోలేదు. అచ్యుతదేవరాయల కాలములో ఆ గుడి కట్టించిన విరూపణ్ణ కథ మన సంఘపు కోశాధికారులు వినదగినది. రాజుగారి అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చు పెట్టాడన్న నేరము మీదికి వస్తే, రాజు శిక్షించక ముందే తన కండ్లు తానే పెరికి గోడకు విసిరాడని అక్కడి వారు గోడ మీద మరకలు చూపిస్తారు. కథ ఎంతవరకు నిజమో గాని, లెక్క చెప్పవలసిన పెద్దవాని భయము మాత్రము అందులో నిజముగా ఉంది.

అనంతపురము పట్టణానికి గడియార స్తంభము గురుతు. స్వాతంత్ర్యము వచ్చిన జ్ఞాపకముగా కట్టినది. పదిహేను అడుగుల వెడల్పు, ఎనిమిది ముఖాలు, నలభై ఏడు అడుగుల ఎత్తు. కలిపి చదివితే 15-8-47 అని పట్టణము వారు ముచ్చటగా చెప్పుకుంటారు. తేదీని రాతితో కట్టిన ఊరు మరొకటి మాకు తెలియదు.

కంబదూరుకు గురుతు లేకపోలేదు. చాళుక్యుల తీరులో కట్టిన మల్లికార్జున ఆలయము అక్కడ ఉంది. అక్కమ్మవారి గుడులు ఉన్నాయి. చరిత్ర తెలిసినవారు వెదకి వెదకి వచ్చి చూసిపోతారు. ఆ రోజు చెట్టు కింద పాఠము చెప్పే అమ్మాయికి ఆ సంగతి తెలియక కాదు. మందిరము ముందర బైబిలు బడిలో గుడి పేరు చెప్పవచ్చునా అని సందేహించింది. భోజనాల వేళ మమ్మల్ని చాటుగా అడిగింది కూడా. చెప్పవచ్చునమ్మా, అన్నాము. ఆరాధన వేరు, చరిత్ర వేరు. ఆ రాయి మోసినవారు, చెక్కినవారు, ఆ కట్టడానికి మట్టి తవ్వినవారు మన తాతల తాతలు కారని ఎవరు చెప్పగలరు? మన ఇరుగుపొరుగు వారికి ప్రియమైన దానిని గౌరవముతో చూపడము వలన మన విశ్వాసమునకు లోటు రాదు. అయితే ఆ పిల్లవాడు అడిగినది కంబదూరు గురించి కాదు. "మనూరు" అన్నాడు. వాని ఊరు అంటే ఆ రేకుల మందిరము చుట్టూ ఉన్న అరవై ఇండ్లు. ఆ అరవై ఇండ్లకు గురుతేది?

ఈ ప్రశ్న పిల్లలదే అయితే ఇంతటితో ఊరుకునేవారము. కాని ఆ సాయంకాలమే సంఘపు పెద్దలు కూర్చుని ఇదే మాట మీద వాదులాడుకున్నారు. మందిరము కట్టి డెబ్బై అయిదేండ్లు నిండబోతున్నాయి. ఆ ఊరి నుండి చదువుకుని పోయి బెంగుళూరులో మంచి ఉద్యోగము చేసుకుంటున్న ఒక సహోదరుడు, చనిపోయిన తన తండ్రి పేరిట రోడ్డు మొదట పెద్ద ఆర్చి కట్టిస్తానని వ్రాశాడు. రెండు స్తంభాలు, పైన సిలువ, రాత్రివేళ దీపాలు, స్తంభము మీద నల్లరాతిలో తండ్రి పేరు, కమిటీ వారందరి పేర్లు. బస్సులో పోయేవారికి ఇక్కడ ఒక సంఘమున్నదని తెలుస్తుంది. సగము కమిటీకి ఇది చాలా నచ్చింది. పేర్లు వేస్తారన్నందుకే నచ్చిందని అంటే అన్యాయము. ఎన్నడూ ఎవరూ తిరిగి చూడని వాడకు ఒక వాకిలి ఉండాలని వారి కోరిక. ఆ కోరికను మేము తక్కువ చేయము.

మిగతా సగము, ముఖ్యముగా ఆడవారు, ఆ డబ్బుతో మందిరము వెనుకనున్న పాత బావికి పూడిక తీయించమన్నారు. ఇరవై ఏండ్ల క్రిందట ఎండిపోయిన బావి. చెత్త, ముళ్ళకంప, పగిలిన కడవలు వేసి సగము పూడ్చారు. చుట్టూ అయిదారు బోర్లు పడ్డాక అందులో నీళ్ళు ఎక్కడివి అని ఆర్చి పక్షము వారి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే.

అప్పుడు ఎనభై దాటిన ఒక అవ్వ మాట్లాడింది. ఆమె ఆ ఊరికి కోడలై వచ్చింది, ఆడబిడ్డ కాదు. "మా పుట్టినూర్లో మాకు బాయి లేదు నాయనా. ఊరి బాయికాడికి పోయి, గట్టు కింద కడవ పెట్టుకుని నిలబడాల. ఎవురన్నా దయ తలిచి చేదిపోస్తే నీళ్ళు. లేకుంటే ఎండలో నిలబడేది. మా చేద ఆ బాయిలో పడగూడదు. పెండ్లయి ఈడికొచ్చినాక, తెల్లారి మా అత్త చేద నా చేతికిచ్చి పోయి నీళ్ళు తెమ్మనింది. నాకు భయమాయ. ఎవురూ లేరు గట్టు మీద. నా చేత్తో నేను ఏసినా చేద. ఎంతసేపు తోడినానో ఏమో, మా అత్త వచ్చి కోప్పడినాది." ఇంత చెప్పి అవ్వ కూర్చుంది. మందిరము కంటె ఆ బావి పాతదట. ఆనాటి పాదిరిగారు గోడలు ఎత్తక ముందు వాడవారికి ముందుగా బావి తవ్వించారని, అరవై ఇండ్లవారూ మట్టి మోశారని ఆమె అత్త చెప్పేదట.

సుఖారు బావి దగ్గర కూర్చున్న ప్రభువు సమరయ స్త్రీని నీళ్ళు అడిగిన సంగతి ఎన్నిసార్లు ప్రసంగించి ఉంటామో మాకే లెక్క లేదు. యూదులు సమరయులతో చేయి కలపని కాలములో, ఆమె చేదిన నీళ్ళు తాను త్రాగుతానని అడగడము ఎంత మాటో, ఆ అవ్వ మాటలు విన్న రాత్రి మాకు తెలిసినంతగా ముందెప్పుడూ తెలియలేదు.

బైబిలులో గురుతు రాళ్ళకు కొదవలేదు. యాకోబు బేతేలులో తలగడగా పెట్టుకున్న రాతినే నిలబెట్టి నూనె పోశాడు. యెహోషువ యొర్దాను నడుమ నుండి పండ్రెండు రాళ్ళు తెప్పించి గిల్గాలులో నిలబెట్టాడు. రేపు పిల్లలు ఈ రాళ్ళేమిటని అడుగుతారు, అప్పుడు చెప్పండని పెద్దలకు ఆజ్ఞ. అనగా పిల్లలు అడగడము కోసమే పెట్టిన రాళ్ళవి. సమూయేలు నిలిపిన ఎబెనెజరు రాతి పేరు మనవారు ఇండ్లకు, దుకాణాలకు, ఆటోలకు సైతము పెట్టుకుంటారు. ఇవన్నీ దేవుడు చేసిన మేలుకు గురుతులు. అబ్షాలోము సంగతి వేరు. తన పేరు నిలుపుటకు కుమారుడు లేడని, బ్రతికి ఉండగానే రాజు లోయలో తన పేరిట స్తంభము నిలుపుకున్నాడు. చివరకు అతని శరీరమును అడవిలో ఒక గోతిలో వేసి, పైన రాళ్ళ కుప్ప పోశారు. సమూయేలు రెండవ గ్రంథము పదునెనిమిదవ అధ్యాయములో ఆ కుప్ప, ఆ స్తంభము ప్రక్క ప్రక్క వచనాలలోనే ఉన్నాయి, చదివి చూడండి. యాకోబు పేరిట జనము వందల ఏండ్లు తలచుకున్నది మాత్రము ఒక బావిని. నేటికీ నాబ్లుసు దగ్గర ఒక చర్చి లోపల ఆ బావిని చూపుతారు. అతని తండ్రి ఇస్సాకు కూడా, శత్రువులు మట్టి పోసి పూడ్చిన అబ్రాహాము బావులను మరల తవ్వించి, తండ్రి పెట్టిన పేర్లే తిరిగి పెట్టాడు. పూడిక తీయడము అంత పాత పని.

మన సీమలోనే చూడండి. మన నోట్ల మీద, నాణెముల మీద ఉన్న మూడు సింహాలు సారనాథులో అశోకుడు నిలిపిన స్తంభము మీదివి. 1950 జనవరి 26 నుండి అవి దేశమంతటికీ గురుతు. అదే అశోకుని మాటలు మన గుత్తికి దగ్గరలో, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద చెక్కి ఉన్నాయి. 1929 ప్రాంతములో అవి లోకానికి తెలిశాయి. ఆ శాసనాలలో ఒకటి, మనుష్యులకు పశువులకు వైద్యము చేయించుట, బాటల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించుట గురించి. సింహాలను చూడని భారతీయుడు లేడు. ఎర్రగుడి బండను చూసిన అనంతపురము వాడు ఎక్కడో ఒకడు.

ఆ దారినే ముందుకు పోతే పత్తికొండ. దత్త మండలాలకు కలెక్టరుగా అనంతపురములో ఉండి, తరువాత మద్రాసు గవర్నరు అయిన సర్ తామస్ మన్రో, పదవి వదలి స్వదేశము పోబోతూ తన పాత రైతులను చివరిసారి చూడవచ్చి, 1827 జూలై 6న ఆ ఊరిలో కలరాతో చనిపోయాడు. గుత్తిలో పాతిపెట్టారు. తరువాత 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. మద్రాసులో గుర్రము మీద కూర్చున్న ఆయన కంచు విగ్రహము పేరుపొందినది. జీను, రికాబులు లేకుండా శిల్పి చాంట్రీ దానిని పోతపోశాడని ఇప్పటికీ ముచ్చటించుకుంటారు. పత్తికొండలో మాత్రము ఆయన జ్ఞాపకముగా ఒక తోపు వేసి, రాతి బావి కట్టించారు. రెండూ ఒక మనిషి గురుతులే. పశువుల కాపరికి ఏది పనికి వచ్చిందో చెప్పనక్కరలేదు.

అనంతపురము పట్టణము పుట్టిందే చెరువు వల్ల. 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేరుకు అడ్డముగా కట్ట వేయించాడు. కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రము, మరొక కొసన అనంతసాగరము వెలిశాయి. ఆ కట్ట తెగబోయినప్పుడు తన ప్రాణము అర్పించి నిలిపిందని చెప్పే ముసలమ్మ కథను కట్టమంచి రామలింగారెడ్డి గారు కావ్యముగా వ్రాశారు. పేరు ముసలమ్మ గాని కథలో ఆమె పిల్లల తల్లి అయిన చిన్న వయసు కోడలు. చెరువు నిలవడానికి నరబలి కావాలన్న నమ్మకమును మేము ఒప్పుకోము. మన కొరకు అర్పించబడిన బలి ఒక్కటే, అది చాలినది. అయినా, ఊరి నీళ్ళ కోసము కోడలు పిల్ల నిలిచిన చోటును ఈ నేల ఆరు వందల ఏండ్లు మరువలేదన్న సంగతి మమ్మల్ని ఆలోచింపజేస్తుంది. కట్ట వేయించిన మంత్రి పేరు పుస్తకాలలో ఉంది. ఆమె పేరు జనము నోట ఉంది.

కట్టడాలే వద్దని మేము అనడము లేదు. మెదకు మహాదేవాలయమును చూసి మురియని తెలుగు క్రైస్తవుడు ఉండడు. 175 అడుగుల గోపురము, అయిదువేల మంది పట్టే ఆలయము, సాలిస్బరీ గారు చేసిన రంగుటద్దాల కిటికీలు. కాని దాని పునాదిలో ఏముంది? పోస్నెట్ దొరగారి కాలములో, 1914 నుండి పదేండ్లు సాగిన పని అది. కరవులో ఆకలితో వచ్చినవారికి ఊరక ధర్మము చేయక, రాయి మోసే పని ఇచ్చి, అన్నము పెట్టారని అక్కడి పెద్దలు చెబుతారు. 1924 క్రిస్మసు నాడు ప్రతిష్ఠ జరిగింది. అలాగే 1876 నుండి 1878 వరకు వచ్చిన మహా కరవులో, ఒంగోలు క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వే పని కంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేటట్లు చేశారు. ఆ కాలువ గట్టున ఏ విగ్రహము లేకపోయినా ఆ ప్రాంతపు సంఘాలకు అదే జ్ఞాపకస్తంభము. గోదావరి జిల్లాలలో ఊరూరా కాటన్ దొర విగ్రహాలు ఉన్నాయంటే, 1852లో పూర్తయిన ధవళేశ్వరము ఆనకట్ట ముందు వచ్చింది, విగ్రహాలు తరువాత వచ్చాయి.

మరి కమిటీ ఏమి చేసింది? మమ్మల్ని తీర్పు చెప్పమన్నారు. మేము చెప్పలేదు. బస్సెక్కి పోయేవారము, నీళ్ళు మోసేవారము కాము. అవ్వ చెప్పినదంతా ఒక కాగితము మీద వ్రాసి బెంగుళూరులోని ఆ సహోదరునికి పంపమని మాత్రము అన్నాము. ఆర్చి వద్దని వ్రాయవద్దు, అవ్వ మాట ఉన్నది ఉన్నట్లు వ్రాయండి, అని పాఠము చెప్పే అమ్మాయికి అప్పగించాము. ఆ అబ్బాయి తల్లి కూడా ఆ బావి నీళ్ళే మోసింది కదా.

ఆయన దగ్గర నుండి ఉత్తరము రాలేదు, ఫోను వచ్చింది. ఆర్చి సంగతి తరువాత చూద్దాము, ముందు బావిలోకి మనుషులను దింపండి, కూలి నేనిస్తాను అన్నాడట. బావి ప్రక్కన ఇంకుడు గుంత కూడా తీయించి, మందిరము రేకుల మీది వాన నీళ్ళు అందులోకి పోయేటట్లు గొట్టము వేయాలని యువకులు అనుకుంటున్నారు. ఆర్చి కావాలన్నవారిలో ఇద్దరు తట్టలు పట్టుకుని వచ్చారు. ఒకరు ఇంకా కోపముగానే ఉన్నారు.

ఇది వ్రాసేనాటికి పదిహేను అడుగులు దిగారు. నీళ్ళు ఇంకా తగలలేదు. ముళ్ళకంప, ప్లాస్టిక్ సంచులు, రెండు చెప్పులు, లెక్కలేనన్ని కడవ పెంకులు వచ్చాయి. పన్నెండవ అడుగున తుప్పు పట్టిన ఇనుప గిలక ఒకటి దొరికింది. ఆ పదేండ్ల పిల్లవాడు దానిని ఇసుకతో తోమి, మందిరము కిటికీలో పెట్టాడట. బొమ్మ వేయించుకోవడానికి దానిని ఎవరూ తీయకూడదని చెప్పి పెట్టాడని ఆ అమ్మాయి వ్రాసింది.